జిరాక్స్ మిషన్‌కు బొట్టు ఎక్కడ పెట్టాలి

జిరాక్స్ మిషన్ ఎట్లా బిగించాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. బల్ల కదలకూడదు, వెనక జానెడు జాగా వదలాలి, ఎండ పడకూడదు, దుమ్ము చేరకూడదు, మూడు పిన్నుల ప్లగ్గుకు నిజమైన ఎర్తింగు ఉండాలి. ఆ పుస్తకం రాసినవాళ్ళు చల్లని గదిలో కూర్చుని రాశారని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది. మే నెలలో, సూర్యాపేట బస్టాండు దగ్గర, రేకుల షెడ్డులో మిషన్ బిగించమంటే వాళ్ళు ఏం రాసేవాళ్ళో చూడాలని నాకు చాలా కోరికగా ఉండేది.

నేను 2001 నుంచి 2014 దాకా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మధ్య స్కూటరు మీద తిరుగుతూ జిరాక్సులు, ఫాక్సులు బిగించాను, బాగుచేశాను. అంతకు ముందు టైపు మిషన్ల పని. అది అడుగంటితే ఇందులోకి మారాను. మాది పెన్‌పహాడ్ దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. నా ఉద్యోగం ఏమిటో మా నాయనకు చివరిదాకా అంతుపట్టలేదు. "అసలు కాయితం సేతుల ఉండంగ మళ్ళ దాని నకలెందుకురా?" అనేవాడు. మండలాఫీసు గడప ఎక్కని మనిషి, ఆయన అదృష్టం అది.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను అడిగేది మదర్‌బోర్డుల గురించి. అవి మీకే బాగా తెలుసు. పుస్తకంలో లేనివి మాత్రం నాలుగు చెబుతాను.

గోడలో మూడో కన్నం

మా ఏజెన్సీ యజమాని భూపాల్ సారు. కోపం ఎక్కువ, పని అంతకన్నా ఎక్కువ. నేను చేరిన రోజు ఆయన చెప్పిన మాట: "ముందుగాల మిషన్ దిక్కు సూడకు, గోడ దిక్కు సూడు."

గోడకు ప్లగ్గు ఉంటుంది. ప్లగ్గుకు మూడు కన్నాలు ఉంటాయి. పై కన్నం వెనక తీగ ఉందో లేదో ఎవడికీ తెలియదు. సూర్యాపేటలో ఒక వకీలు సాబ్ ఆఫీసులో బల్బు పెట్టి పరీక్ష చేస్తే, ఆ కన్నం ఉత్త అందానికే ఉందని తేలింది. మాట చెబితే వకీలు సాబ్ ఒప్పుకోలేదు. ఎర్తింగు ఉన్నట్టు కాంట్రాక్టరు రాసిచ్చాడని ఫైలు తీశాడు. ఫైలు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి మిషన్ మీద ఆనించాడు. ఆ తర్వాత మాకు వాదన అవసరం పడలేదు.

పెరట్లో గుంత తీయించి, బొగ్గు, ఉప్పు వేసి, ఎర్తింగు పెట్టాము. ఎండాకాలం అందులో నీళ్ళు పోస్తుండాలని చెప్పి వచ్చాను. ఆ మాట వకీలు సాబ్ వినలేదు, వాళ్ళమ్మ విన్నది. ఇంటికి షాకు తగలకుండా కాపాడే గుంత అని ఆమెకు అర్థమైంది. పొద్దున స్నానం చేసి, తులసికోటకు నీళ్ళు పోసి, అదే చెంబుతో ఎర్తు గుంతకూ పోసి దండం పెట్టుకునేది. మూడు ఊళ్ళలోనూ అంత మంచి ఎర్తింగు నేను మళ్ళీ చూడలేదు.

చెయ్యి ఆగాల్సిన చోటు

చట్టం సంగతి. నోటు, ఖాళీ స్టాంపు కాగితం, దిద్దిన సర్టిఫికెట్టు, ఈ మూడూ మిషన్ మీదికి వస్తే చెయ్యి ఆగాలి. ఆ ముక్క మిషన్ కొన్నవాళ్ళకు మొదటి రోజే చెప్పాలి. ఎందుకంటే మనిషికి రంగుల మిషన్ ఇస్తే మొదటి గంటలోనే జేబులోంచి నోటు తీస్తాడు. దొంగబుద్ధి అనుకోకండి, ఉబలాటం.

కోదాడలో రంగుల జిరాక్సు పెట్టిన రోజు నేను అద్దం తుడిచి లేచేసరికి ఓనరు బావమరిది వంద నోటు పరిచేశాడు. "ఏవండీ, ఊరికే చూసి చింపేద్దామండీ," అన్నాడు. నేను ప్లగ్గు పీకేశాను. "చూసేది ఊరికేనే, జైలు మాత్రం ఊరికే కాదు," అన్నాను. ఓనరు భయపడి మర్నాడే బోర్డు రాయించాడు: ఇక్కడ నోట్లు జిరాక్సు తీయబడవు. అంతవరకూ ఆ ఆలోచన లేనివాళ్ళు కూడా బోర్డు చదివి లోపలికి వచ్చి, "మరి ఎక్కడ తీస్తారండీ?" అని అడగడం మొదలుపెట్టారు. వారం తిరక్కుండా బోర్డు పీకేయించాను.

ఫాక్సుది ఇంకో తంతు. అప్పట్లో ఫాక్సు కాగితం మీద సిరా ఉండేది కాదు, వేడి తగిలితే నల్లబడే కాగితం అది. కొన్నాళ్ళకు అక్షరాలు వెలిసిపోతాయి. కాబట్టి వచ్చిన వెంటనే జిరాక్సు తీసి ఫైల్లో పెట్టాలి. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సేటుకు ఈ మాట నొక్కి చెప్పాను. ఆయన సగం విన్నాడు. మద్రాసు నుంచి వచ్చిన మొదటి ఆర్డరు వెలిసిపోకూడదని, జిరాక్సు మానేసి, లామినేషన్ చేయించాడు. లామినేషన్ అంటే వేడి ఇస్త్రీయే కదా. కాగితం పెనం అడుగులా నల్లగా బయటికి వచ్చింది. నాకు ఫోను చేసి, "ఏమయ్యా, ఆర్డరు మొత్తం మాడిపాయె," అన్నాడు. అందులో ఎన్ని బస్తాలు రాశారో మళ్ళీ మద్రాసుకే ఫోను చేసి అడగాల్సి వచ్చింది. ఆ నల్ల అట్టను మాత్రం ఆయన పారేయలేదు. మొదటి ఆర్డరు కదా అని పటాల పక్కన పెట్టించాడు.

పద్మ మిషన్

ఇప్పుడు అసలు కథ. నేను ఏ పిల్లవాడికి పని నేర్పినా ఇది చెప్పకుండా వదలలేదు.

సూర్యాపేట చుట్టుపక్కల ఒక మండలాఫీసు ఎదురుగా పద్మ అనే ఆమె జిరాక్సు షాపు పెట్టింది. చురుకైన మనిషి. సెకండ్ హ్యాండ్ మిషన్, నేనే బిగించాను. మన దగ్గర పాత మిషన్ వచ్చినా పూజ ఉంటుంది, కాదనడానికి మనమెవరం? నేను ప్రతిచోటా చెప్పేదే ఆమెకూ చెప్పాను. కొబ్బరికాయ గడప బయట కొట్టు, హారతి దూరం నుంచి ఇవ్వు, బొట్టు మూత మీద పెట్టు, అద్దం మాత్రం ముట్టకు. సరే అన్నది. మూత మీద ముచ్చటగా మూడు బొట్లు పెట్టింది.

మూత రోజుకు వందసార్లు ఎత్తి దించేది. వారానికే బొట్లు చెరిగిపోయాయి. మళ్ళీ పెట్టింది, మళ్ళీ చెరిగాయి. బోసి మిషన్‌తో బేరం మొదలుపెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. చెయ్యి తగలని చోటు ఎక్కడ ఉందా అని వెతికి, అద్దం మూలకు ఆవగింజంత స్టిక్కర్ బొట్టు అతికించింది.

నాకీ సంగతి తెలియదు. కొన్నాళ్ళకు పద్మ నుంచి ఫోను. "సారూ, జల్ది రాండ్రి. ఒకామె వచ్చి షాపుల కూసున్నది, లెవ్వనంటున్నది." వెనక ఇంకో గొంతు వినబడుతోంది: "లెవ్వ! ఆయన్నే రమ్మను. మిషన్ పెట్టినాయన్నే రమ్మను!"

పోయేసరికి కాగితం డబ్బాల మీద నలభై ఏళ్ళ ఆడమనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నది. పేరు సైదమ్మ, చివ్వెంల దిక్కు ఊరు. భర్త పోయి ఏడాది దాటింది. సొంతంగా ఏ ఆధారమూ లేక, వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది. ఉన్న ఒక్క ఫోటో దరఖాస్తు మీద అతికించి, పద్మ దగ్గర రెండు జిరాక్సులు తీయించింది. అసలుది పై ఆఫీసుకు పోయింది, ఒక జిరాక్సు మండలాఫీసులో ఇచ్చింది, ఒకటి ఆమె దగ్గర ఉంది. పేర్ల జాబితా మర్నాడు పంపిస్తారనగా, ఆ పొద్దున ఆఫీసులో సూపరింటెండెంటు ఆమెను పిలిచి, "భర్త చనిపోయాడని రాశావు, ఫోటోలో బొట్టు ఉంది. ఇంతకూ మొగుడు ఉన్నాడా, లేడా?" అని పదిమందిలో అడిగి, దరఖాస్తు పక్కన పడేశాడు.

"అందరి ముందట అడిగిండు సారూ," అన్నది సైదమ్మ. "మొగడు సచ్చిండని ఎన్నిసార్లు చెప్పాలె? నేను పెట్టలే బొట్టు. ఈమె మిషన్ పెట్టింది."

ఆమె చేతిలోని జిరాక్సు తీసుకుని చూశాను. కుడి పక్క పై మూలకు ఫోటో. నుదుటి నడుమ, కనుబొమ్మలకు సరిగ్గా మీదుగా, గుండ్రంగా నల్లని బొట్టు. పెట్టడం చేతనైన ముత్తయిదువ పెట్టినా అంత కుదురుగా రాదు. నేను వెంటనే మూత ఎత్తాను. అద్దం తళతళలాడుతోంది, మచ్చ లేదు.

పద్మ వైపు చూశాను. ఆమె తలవంచుకుని చెత్తకాగితాల బుట్ట వైపు చూసింది.

"ఈమె లొల్లి వెట్టంగనే భయమైంది సారూ. పీకి పారేసిన."

"ఏం పీకినవ్?"

"బొట్టు బిళ్ళ."

"అద్దం ముట్టొద్దని చెప్పిన గదమ్మా!"

"మూత మీద నిలుస్తలేదు సారూ. ముక్కు మొకం లేని మిషన్‌కు ఏడ పెట్టాలె బొట్టు? అద్దమే గదా దాని మొకం? అయినా అది ఎర్ర బిళ్ళ. మిషన్‌కు నలుపే గదా కనవడేది?"

ఆ మిషన్లకు ఎరుపు కూడా నలుపులాగే కనబడుతుందని పద్మకు ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు.

మరి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు పసిగట్టలేదు? అది ఆలోచిస్తే నాకు నవ్వాగలేదు. మామూలు కాగితాలకు ఆ మూల ఖాళీగా ఉంటుంది, చుక్క పడితే దుమ్మనుకుంటారు. పింఛను దరఖాస్తుకు మాత్రం సరిగ్గా అక్కడే ఫోటో ఉంటుంది. అందరి నుదుటా బొట్టు పడింది. ఆడవాళ్ళకు పడితే ఉండేదే అనుకున్నారు, మగవాళ్ళకు పడితే గుడికి పోయి వచ్చాడనుకున్నారు. ఎవరి బొమ్మ చూసినా మునుపటికన్నా లక్షణంగానే ఉన్నది. మొత్తం మండలంలో ఆ చుక్క తగలరాని మనిషికి తగిలింది.

బుగ్గచుక్క

సాక్ష్యం బుట్టలో పడింది. సరే, అదే చుక్క మళ్ళీ తెప్పించి కాగితం పట్టుకుపోయి చూపిస్తే సరిపోతుందనుకున్నాను. పద్మ దగ్గర ఇంకా బొట్టు బిళ్ళలు ఉన్నాయి. పద్మ ఫోటో ఒక కాగితానికి అదే మూలకు అతికించి, అద్దం మీద బిళ్ళ పెట్టి తీశాను. చుక్క ముక్కు కొనమీద పడింది. కాస్త జరిపాను. అద్దం మీద కాగితం బోర్లా ఉంటుంది కదా, కుడి ఎడమలు తారుమారు. ఈసారి చెవికి కమ్మ పెట్టినట్టు వచ్చింది. ఇంకోసారి జరిపితే పైపెదవి మీద సగం మీసం మొలిచింది. నాలుగోసారి బుగ్గ మీద పడింది.

సైదమ్మ డబ్బాల మీంచి లేచి వచ్చి తొంగిచూసింది. పొద్దున్నుంచి మండిపడుతున్న మనిషి, మొదటిసారి నవ్వింది.

"పెండ్లినాడు గూడ నీకింత సక్కగ బుగ్గచుక్క పెట్టిన్రో లేదో పద్మా!"

పద్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. ఒకవేళ చుక్క నుదుటిమీదే పడినా, ఆఫీసులో ఏమంటారు? ఇప్పుడు అతికించారు సరే, అప్పుడు ఉందని ఎట్లా నమ్మాలి అంటారు. నేనైనా అదే అంటాను.

మిషన్ ఆపేశాను. ఆ మాటే సైదమ్మకు చెప్పాను. ఆమె బుగ్గచుక్క కాగితాన్ని ఇంకోసారి చూసింది. తర్వాత పద్మను అడిగింది.

"ఆ దినం మేం ఆటోల ఎంతమందిమి వచ్చినమో యాదికున్నదా?"

"ఆటో నిండ వచ్చిన్రు గదా. మీ మామ, ఇంక ఆ టైలర్ తాత..."

"జానీమియా. అందరియి నువ్వే తీసినవ్ గదా?"

"నేనే తీసిన."

"మరి వాళ్ళకెవరు పెట్టిన్రు బొట్టు?" అన్నది సైదమ్మ. "నడువుండ్రి ఆఫీసుకు."

నువ్వే సూడు

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కాగితంలో ఉన్నదే నిజం అని పాతికేళ్ళు నమ్మిన మనిషి, అంతే. అట్లాంటివాళ్ళ వల్లే మన మిషన్లు అమ్ముడుపోయాయి, కాబట్టి నేను ఎక్కువ మాట్లాడకూడదు. అద్దం సంగతి, బిళ్ళ సంగతి ఆయనకు వివరించాను. ఆయన ఓపికగా విని తల అడ్డంగా ఊపాడు.

"మీరు మిషన్ కంపెనీ మనిషి. మిషన్ తప్పంటే ఈమెకు పింఛను వస్తుంది, షాపావిడకు గొడవ తప్పుతుంది. ఇద్దరికీ అవసరం ఉన్న మాటను నేనెట్లా రాసుకోవాలి?"

"నా మాట రాయకు సారూ," అన్నది సైదమ్మ. "మా ఊరి కట్ట తియ్యి. మా మామది సూపియ్యి, జానీమియాది సూపియ్యి."

"ఒకరి దరఖాస్తు ఇంకొకరికి చూపించకూడదమ్మా. రూల్ ఒప్పుకోదు."

"నాకెందుకు సూపిస్తవ్? మా మామ మొకం నాకు తెల్వదా? నువ్వే సూడు."

దానికి రూల్ అడ్డురాలేదు. ఆయన బీరువాలోంచి కట్ట తెప్పించి, అట్ట మాకు అడ్డంగా నిలబెట్టుకుని, ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెట్టాడు. మాకు ఆయన నెత్తి మాత్రమే కనబడుతోంది. మొదటి కాగితం తిప్పాడు. రెండోది తిప్పాడు. మూడో దాని దగ్గర ఆగాడు. కొంతసేపటికి అట్ట వెనక ఆయన భుజాలు ఎగిరెగిరి పడటం కనిపించింది. పక్క బల్ల గుమాస్తాను చెయ్యి ఊపి పిలిచాడు. అతను వచ్చి వంగి చూసి, "అరే, జానీమియా!" అని బయటికే అనేశాడు. ఇక రూల్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆఫీసు ఆఫీసంతా ఆ బల్ల చుట్టూ చేరింది.

తెల్లగడ్డం, తెల్లటోపీ, నుదుటి నడుమ పెళ్ళికొడుకు బొట్టు. ఈ సంగతి తర్వాత జానీమియాకు చెబితే ఆయన గడ్డం నిమురుకుని, "మా బేగంకు సూపెట్టకుండ్రి, ఇంకో నిఖా చేసుకున్నననుకుంటది," అన్నాడట.

సూపరింటెండెంటు కళ్ళు తుడుచుకుని, సైదమ్మ కాగితాన్ని పక్కనుంచి తీసి కట్టలో పెట్టాడు. జిరాక్సు లోపమని దానిమీద రాసి, సంతకం చేసి, పై ఆఫీసుకు ఫోను చేశాడు. అక్కడి అసలు ఫోటోలో బొట్టు లేదని వాళ్ళు చూసి చెప్పారు. సాయంత్రానికి జాబితాలో ఆమె పేరు ఎక్కింది. "పొద్దున అట్లా అనకుండా ఉండాల్సిందమ్మా," అని కూడా అన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఆ మాట అనడం నేను ఎక్కువసార్లు వినలేదు.

నాకు నవ్వు తగ్గాక కోపం వచ్చింది. దాపరికం ఎందుకు? ఒకవేళ ఆమె నిజంగానే బొట్టు పెట్టుకుని ఉంటే? అప్పుడు ఆమె మొగుడు బతికి వచ్చేవాడా? బొట్టు పెట్టుకుంటే పింఛను ఇవ్వొద్దని ఏ పుస్తకంలోనూ లేదు. ఉన్నదల్లా మన కళ్ళల్లోనే. మేమందరం ఆ రోజంతా బొట్టు మిషన్‌ది అని రుజువు చేయడానికి పరుగెత్తాం కానీ, ఆ ప్రశ్న అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

మేము మళ్ళీ షాపుకు వచ్చాం. నేను అద్దం స్పిరిటుతో తుడిచి, మూత మీద బొట్టుకు మూలన ఒక చోటు చూపించాను. పద్మ ఈసారి నూనె రంగుతో దిద్దుకుంటానన్నది. పింఛను పుస్తకం వచ్చాక దాని జిరాక్సు తనే ఊరికే తీసి ఇస్తానని సైదమ్మకు మాటిచ్చింది. సైదమ్మ పోవడానికి లేచి, మళ్ళీ ఆగింది. కొంగు ముడిలోంచి తన దగ్గరున్న రెండో జిరాక్సు తీసింది.

"సారూ, దీన్ల బొమ్మ ఒక్కటి పెద్దగ తియ్యొస్తదా?"

ఇంకా ఎవరికైనా సాక్ష్యం చూపించాలేమో అనుకున్నాను. ఫోటో ఉన్న మూల అద్దం మీద పెట్టి, పెద్దది చేసి తీశాను. దాన్నే పెట్టి మళ్ళీ పెద్దది చేశాను. ముఖం కాగితం నిండా వచ్చింది. చెంపలు మసకమసకగా ఉన్నాయి కానీ, నుదుట బొట్టు మాత్రం రూపాయి బిళ్ళంత, నిండుగా ఉంది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని వెలుతురు దిక్కు తిప్పి చూసింది.

"ఆయన పోయినంక అద్దం సూసుకునుడు బంద్ వెట్టిన," అన్నది. "ఇగ దీన్ని గోడకు పెట్టుకుంట."

"ఎవరన్న ఏమన్న అంటరేమో అక్కా," అన్నది పద్మ, మెల్లగా.

సైదమ్మ కాగితాన్ని నలగకుండా గుండ్రంగా చుట్టింది.

"మొగడు లేడని సర్కారుకు తెల్వాల్నన్నరు, తెలిసింది. నా మొకానికి గూడ రోజు చెప్పాల్నా?"